ఊరికే విలువ

కొత్తరేవులో గోడలు కట్టరు. మొలుస్తాయి.

మొదట్లో ఈ వింత చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆటోలు మాట్లాడుకుని వచ్చేవారు. ఇప్పుడెవరూ తలెత్తి చూడరు. వీధుల కింద జానెడు లోతున కొబ్బరిపీచు తాళ్ళు వలలా పరిచి ఉంటాయి. వాటికి ఒక జాతి బూజు పట్టించారు. గోడ ఎక్కడ కావాలో అక్కడి తాళ్ళకి తవుడు కలిపిన నీళ్ళు వదిలితే ఆ బూజు రోజుకో జానెడు లేస్తుంది. పదిరోజులకి నిలువెత్తు గోడ, పదిహేనో రోజుకి పైన కప్పు. అక్కర్లేదనుకుంటే సున్నపు నీళ్ళు పోస్తారు, రెండు రోజుల్లో పొడై రాలిపోతుంది. పుట్టలా లేస్తుంది కనక జనం దాన్ని పుట్టగోడ అన్నారు. కనిపెట్టినవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది వాళ్ళకే నోరు తిరగదు.

ఏ గోడ ఎక్కడ లేవాలో చెప్పే యంత్రం పాత పీచు షెడ్డులో ఉంది. ఊళ్ళో రెండు లక్షల మంది చెవుల వెనక బియ్యపుగింజంత పూసలు అతికించి ఉంటాయి. ఒంటి వేడి, ఊపిరి, నాడి ఎప్పటికప్పుడు ఆ షెడ్డుకి చేరతాయి. ఎండ ఎక్కడ కొడుతోందో, రొయ్యల మేత ఫ్యాక్టరీ పొగ ఎటు మళ్ళిందో, ఏ సందులో పిల్లలకి ఆయాసం వస్తోందో చూసుకుని, యంత్రం ఒకచోట గోడ లేపుతుంది, ఇంకోచోట పడగొడుతుంది. రోగం వచ్చాక మనిషికి మందివ్వడం కాదు, ముందే ఊరికి మందివ్వడం అన్నమాట. ఆ యంత్రానికి జనం మేస్త్రి అని పేరు పెట్టారు. పైగా గోదావరి జిల్లా కదా, యంత్రానికైనా మర్యాద తగ్గదు. "మేస్త్రిగారు ఇవాళ మా సందు మూసేశారండి" అనే చెప్పుకుంటారు.

మేస్త్రికి ఊరి గురించి నేర్పింది దేదీప్య. నలభై మూడేళ్ళ మనిషి, పీచు షెడ్డులో రెండో స్థానం ఆమెది. గోడలు రాకముందు వేసవిలో వడదెబ్బకి నలభై ఒక్కమంది పోయారు. వచ్చాక తొలి వేసవికి తొమ్మిది మంది, రెండో వేసవికి ఇద్దరు, మూడో వేసవికి ఒక్కరూ లేరు. పిల్లల ఆస్పత్రిలో ఉబ్బసం వార్డు మంచాలు సగం తీసేశారు. ఇలాంటి అంకెలు చేతిలో ఉన్న మనిషికి గర్వం ఉండడం తప్పు కాదు. దేదీప్యకి ఉంది. కాకపోతే బయటికి కనపడనిచ్చేది కాదు.

తండ్రి సత్తిబాబు ఆమె దగ్గరే ఉంటాడు. డెబ్బై నాలుగేళ్ళు. కరెంటు స్తంభాలున్న కాలంలో ఆయన లైన్‌మన్. కూతురి పెళ్ళి మాట ఎత్తడం ఇద్దరూ మానేసి చాలా కాలమైంది, అప్పట్నించీ ఇల్లు ప్రశాంతంగానే ఉంది.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున్న సత్తిబాబు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"కాలవ వైపు సందు కూడా మూసేశాడే మీ మేస్త్రి."

"ఎక్కడికెళ్ళాలి నాన్నా?" అంది దేదీప్య, చెప్పులేసుకుంటూ.

"బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడక్కూడదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అది కాదు. పనుంటే చెప్పు, పూస నొక్కి ఆస్పత్రనో బజారనో అంటే దారి అదే తెరుస్తుంది."

"పనేం లేదు. ఊరికే."

"మరి ఊరికే ఎండలో పడి తిరగడం దేనికి?"

ఆయన తువ్వాలు మడత పెట్టి కుర్చీ మీద వేసి, దాని మీదే కూర్చున్నాడు. టీవీలో ఎవరో వంకాయ కూర వండుతున్నారు. సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. మడత కూడా చెదరలేదు. తండ్రి బుద్ధిగా ఇంట్లో ఉన్నందుకు దేదీప్య సంతోషించింది.

*

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పీచు షెడ్డువాళ్ళు ఇంట గెలిచారు, ఇక రచ్చ మిగిలింది. పదకొండు పట్టణాలకి పుట్టగోడలు ఇద్దామని ప్రభుత్వం అనుకుంటోంది, ఉగాది దాటాక అధికారులు చూడ్డానికి వస్తారు. షెడ్డుకి పెద్దాయన భానోజీ గారు దేదీప్యని పిలిచి, గోడల వల్ల బతికినవాళ్ళెంతమందో ఒక్క అంకెలో చెప్పమన్నాడు.

"పట్టికలు పెడితే వాళ్ళు చదవరమ్మా. ఒక్క అంకె. పెద్దదిగా ఉండాలి."

ఆమె మూడేళ్ళ చావులన్నీ ముందేసుకుంది. వడదెబ్బ తగ్గింది. ఊపిరి జబ్బులు తగ్గాయి. రోడ్డు ప్రమాదాలు తగ్గాయి. ఇన్ని తగ్గాక మొత్తం కూడి చూస్తే, మొత్తం తగ్గలేదు. పెరిగింది. కూడికలో ఎక్కడో పొరపాటు పడ్డానని మళ్ళీ చేసింది. ముచ్చటగా మూడోసారి కూడా చేసింది. ఇంట్లో అందరి తిండీ తగ్గితే బియ్యం ముందే అయిపోవడమేమిటో ఆమెకి అంతుబట్టలేదు.

పెరిగిన చావులన్నీ అరవై దాటినవాళ్ళవి. అందరూ ఇంట్లోనే పోయారు. కారణం దగ్గర డాక్టర్లు "వయోభారం" అని రాశారు. వయసు గోడలకి ముందూ ఉంది, అప్పుడు ఇంతమందిని చంపలేదు. రెండేళ్ళలో ఉండాల్సినదానికన్నా మూడొందల పన్నెండు మంది ఎక్కువ.

అనుమానం తీరక పేర్లు చదవడం మొదలుపెట్టింది. అంకెలతో పని చేసేవాళ్ళు పేర్లు చదవరు. అది వాళ్ళకి మంచిది కూడా. రెండో పేజీలో ఒక పేరు దగ్గర ఆగింది. కర్రి పేర్రాజు, డెబ్బై ఒకటి, టైలరు, గాంధీబొమ్మ వీధి.

పేర్రాజు సత్తిబాబు స్నేహితుడు. ముప్ఫై ఏళ్ళు రోజూ పొద్దున్న ఇద్దరూ కాలవ వంతెన పిట్టగోడ మీద కూర్చుని, కాలవని తిట్టి, ప్రభుత్వాన్ని తిట్టి, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుని ఇళ్ళకెళ్ళేవారు. పేర్రాజు పోయింది నిరుడు ఫాల్గుణంలో. అప్పటికి ఏడాది కావస్తోంది. మొన్న ఆదివారం కూడా సత్తిబాబు "పేర్రాజుకి మోకాళ్ళు తగ్గినట్టు లేవు, లేకపోతే వచ్చును" అన్నాడు. పప్పన్నం కలుపుకుంటూ అన్నాడు. అప్పటికి ఆమెకీ తెలియదు.

*

చెప్పకుండా ఉండలేకపోయింది. ఆ సాయంత్రం కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని చెప్పింది.

"ఎప్పుడూ?" అన్నాడు సత్తిబాబు.

"నిరుడు ఫాల్గుణంలో నాన్నా."

"నిరుడా!"

ఆయన రిమోటు నొక్కి టీవీ కట్టేశాడు.

"నిన్న కూడా తిట్టుకున్నానే వాణ్ణి. ఎదవ, ఇన్నాళ్ళయినా ఒక్కసారి రాలేదని."

"ఫోన్ చెయ్యలేకపోయావా?"

"రోజూ కనపడేవాడికి ఫోనెందుకే? వాడి నంబరే లేదు నా దగ్గర." రిమోటు కింద పెట్టాడు. "వాడు కూడా నన్ను తిట్టుకునే పోయుంటాడు."

కొత్తరేవులో ఒకప్పుడు ఏ చావు కబురైనా గంటలో ఊరు చుట్టేది. ఎవరూ పనిగట్టుకుని చెప్పేవారు కాదు. కొట్టు దగ్గర ఒకడు, పంపు దగ్గర ఒకామె, వంతెన మీద ఇద్దరు, అంతే. ఇప్పుడు ఇంటి నుంచి ఆస్పత్రికి, ఇంటి నుంచి బజారుకి చల్లటి గోడల మధ్య తిన్నని దారులున్నాయి. ఎవరి దారి వాళ్ళది. పేర్రాజు కొడుకు వచ్చి, తండ్రి శవాన్ని తన ఊరు తీసుకెళ్ళి దహనం చేసుకున్నాడు. పక్క వీధికి కూడా తెలియలేదు.

చావు కబురు వింటే స్నానం చెయ్యాలి. ఏడాది పోయాక వింటే చెయ్యాలో వద్దో సత్తిబాబుకి తెలియదు. అడుగుదామంటే అలాంటివి చెప్పేది పేర్రాజే. కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని పెరట్లోకెళ్ళి రెండు చెంబులు నెత్తిన పోసుకున్నాడు. దేదీప్య తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నించుంది. ఆమెకి ఏడుపొచ్చింది. పేర్రాజు కోసం కాదు. తడిసిన తండ్రి ఒంట్లో కండ అన్నది లేదు, ఇంతగా ఎప్పుడు చిక్కిపోయాడో ఆమె చూడలేదు.

*

మర్నాడు మేస్త్రిని అడిగింది, ఈ మూడొందల పన్నెండు మందికీ గోడలు లేచాక ఏం మారిందని. ఎందుకు అనే ప్రశ్నకి మేస్త్రి జవాబివ్వదు, ఏం మారిందో మాత్రం చెబుతుంది. రోజుకి వేసే అడుగులు నాలుగు వేల నుంచి ఆరొందలకి పడ్డాయి. మాట వినపడే దూరంలోకి వచ్చే మనుషులు రోజుకి పంతొమ్మిది మంది ఉండేవారు, ఇప్పుడు ఇద్దరు. ఆ తర్వాత నిద్ర పాడైంది, రక్తపోటు పెరిగింది, చక్కెర పెరిగింది, గుండె ఆగింది. అందరిలో అదే వరస.

ఏ గోడలు లేచి వాళ్ళ దారులు మూశాయని అడిగితే జాబితా వచ్చింది. వంతెన పిట్టగోడ. ఇళ్ళ ముందు అరుగులు. పంపు చుట్టూ ఖాళీ. రావిమెట్ట బస్టాపు బల్ల. వీటిని ఎందుకు మూశావని అడిగితే, ఇక్కడికి వచ్చే ప్రయాణాలకి విలువ లేదంది మేస్త్రి.

విలువలు ఎవరిచ్చారో చూడ్డానికి పాత కాగితం తీసింది. తీయకముందే తెలుసు. ఆస్పత్రి పది, ఉద్యోగం పది, బడి పది, బజారు ఆరు, గుడి, మసీదు, చర్చి అయిదు. అట్టడుగున "ఊరికే", దాని ఎదురుగా సున్నా. అంతా తన దస్తూరీయే.

గోడలకి ముందు ఊరంతా సర్వే చేశారు. మనుషుల్ని వీధిలో ఆపి ఎక్కడికి వెళ్తున్నారు, ఏం పని మీద అని అడిగారు. లక్షా పదివేల జవాబులు రాశారు. అందులో నలభై రెండు వేలు ఒకే మాట, ఊరికే. వాటిని ఏం చెయ్యాలని సర్వే పిల్లలు అడిగితే దేదీప్య సున్నా పెట్టింది.

అది పరాకున పెట్టిన సున్నా కాదు. సర్వేకి ఆర్నెల్ల ముందు, వేసవిలో, ఆమె తల్లి వెంకటరత్నం పొద్దున్న పదకొండింటికి "ఊరికే అలా వెళ్ళొస్తా" అని గడప దాటింది. ఒంటిగంటకి బస్టాపు రేకుల కింద పడి ఉంటే ఎవరో చూశారు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు. ఏం పని మీద వెళ్ళిందో కనుక్కుందామని దేదీప్య అందర్నీ అడిగింది. చేతిలో సంచీ లేదు, మందుల చీటీ లేదు. ఏ పనీ లేదు. పనుండి పోయినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ మాట మీద ఆమెకి కసి పుట్టింది. నలభై రెండు వేల ఊరికేలు బల్ల మీదికి వచ్చినప్పుడు సున్నా పెట్టడానికి అర నిమిషం పట్టలేదు. పెట్టాక మనసు కొంచెం చల్లబడింది కూడా.

సొంత ఇంటివాళ్ళు ఇంకా ఎన్నాళ్ళు బతుకుతారని మేస్త్రిని జోస్యం అడక్కూడదని షెడ్డులో నియమం. ఆమే రాసిన నియమం. ఆ మధ్యాహ్నం దాన్ని తప్పింది. వీసం సత్తిబాబు, ఇప్పుడున్న దారులు ఇలాగే ఉంటే, ఇంకా పద్నాలుగు నెలలు.

*

"నాన్నా, ఊరికే అంటే ఏంటి?"

కంచం ముందు కూర్చున్న సత్తిబాబు ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇంత చదువు చదివి ఇదా అడుగుతున్నావు?"

"చెప్పు."

"బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడిగితే ఎవడు చెప్తాడే? అడిగితే వెళ్ళే పని చెడుద్ది. అందుకని ఊరికే అంటాం. అది జవాబు కాదు. అడక్కు అని చెప్పడం."

దేదీప్య ముద్ద కంచంలో వదిలేసింది. లక్షా పదివేల మందిని గుమ్మం దాటగానే నిలబెట్టి, అడక్కూడని మాటే మొదటి ప్రశ్నగా అడిగారు. అడిగిన వాళ్ళంతా ఈ ఊరి పిల్లలే. ఇంట్లో అమ్మమ్మ చేత ఈ విషయానికి చివాట్లు తిన్నవాళ్ళే. ఫారం మీద అచ్చయింది కదా అని అడిగారు.

"అమ్మ కూడా అంతేనా?"

"మీ అమ్మ ఊరికే అందంటే ఏదో ఉందన్నమాటే. ఒకరోజు ఎవరి కోడలికో నెలలు నిండాయని చూసొచ్చేది. ఒకరోజు నాతో దెబ్బలాడి, నా మొహం చూడలేక పోయేది. ఒక్కోరోజు నిజంగా ఏమీ ఉండేది కాదు. వచ్చాక మాత్రం మొహం తేటగా ఉండేది."

"ఆ రోజు ఊరికే వెళ్ళబట్టే పోయింది నాన్నా."

"అవునే. నలభై ఏళ్ళకి పైగా ఊరికే వెళ్ళి తిరిగొచ్చింది. ఒక్కరోజు రాలేదు. నువ్వు ఆ ఒక్కరోజే లెక్కేశావు."

ఆయన కోపంగా అనలేదు. మజ్జిగ పోసుకుంటూ అన్నాడు.

*

సున్నా తీసేస్తే సరిపోదు, దాని చోట ఎంత పెట్టాలో తెలియాలి. పది పెడితే మేస్త్రి గోడలన్నీ కూల్చి ఊరిని మళ్ళీ ఎండలో పెడుతుంది. రెండు వైపుల చావులూ కలిపి అన్నిటికన్నా తక్కువ ఎక్కడ వస్తాయో చూడమంది. మూడు దగ్గర అంది మేస్త్రి. మూడు పెడితే ఏడాదికి నూట నలభై మంది ముసలివాళ్ళు బతుకుతారు. వేసవికి ఆరుగురి నుంచి తొమ్మిది మంది వడదెబ్బకి పోతారు.

ఈ కాగితం చూసి భానోజీ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పాతికేళ్ళు బూజుతో కుస్తీ పట్టి పుట్టగోడ తెచ్చిన మనిషి. ఈ ఏడాది రిటైరవుతాడు. పదకొండు పట్టణాలూ అయితే సన్మానం ఉంటుందని ఇంట్లో అనుకుంటున్నారు.

"ఎండకి పోయినవాడు రోడ్డు మీద పోతాడమ్మా. పదిమంది చూస్తారు. కుర్చీలో పోయినవాణ్ణి వయసైపోయి పోయాడంటారు. నువ్వు కనపడని చావులు తగ్గించి కనపడేవి తెస్తానంటున్నావు."

"అవును సార్."

"ఎవరా తొమ్మిది మంది?"

"తెలీదు సార్."

"తెలిస్తే చేస్తావా?"

ఆయన ఇంకో కాగితం బల్ల మీద ముందుకి తోశాడు. మేస్త్రిని ఎవరేం అడిగారో రోజూ ఆయనకి వస్తుంది.

"మీ నాన్నగారి జోస్యం చూశావు. అది చూడకపోతే ఈ గదిలోకి వచ్చేదానివా?"

"అదీ తెలీదు సార్."

అబద్ధం చెప్పనందుకేమో, ఆయన కోపం దిగింది. ఆమె తెచ్చిన కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

"సంతకం పెడతాను. అధికారుల్ని ఏడాది ఆగమంటాను. ఒక్కటే షరతు. ఎండకి పోయిన ప్రతివాళ్ళ ఇంటికీ నువ్వే వెళ్ళాలి. ఎవరు తీస్తే గోడ పోయిందో వాళ్ళకి తెలియాలి."

"వెళ్తాను. మరి ఈ మూడొందల పన్నెండు ఇళ్ళకి?"

"వాటికి నేను వెళ్తాను."

"అన్నిటికీనా సార్?"

"రిటైరయ్యాక నాకు మాత్రం పనేముంది?" అన్నాడు.

*

చైత్రంలో సున్నపు నీళ్ళు పోశారు. రెండు రోజులు ఊరంతా పుట్టమన్ను వాసన. మూడోరోజు పొద్దున్నకి వంతెన కనపడింది, అరుగులు కనపడ్డాయి.

సత్తిబాబు వీధి మొగలో అందరికన్నా ముందు బయటికొచ్చింది అమ్మాజీ. అరవై ఆరేళ్ళ మనిషి, ఒకప్పుడు ఆ మొగలోనే పునుగుల బండి నడిపేది. పునుగులు తినడానికొచ్చేవాడు మేస్త్రి లెక్కలో పనిలేనివాడు కనక బండి చోటు మూసుకుపోయి, మూడేళ్ళుగా కూతురు నాగమణి దగ్గర ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు బండి తోసుకొచ్చి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, చుట్టూ చూసింది.

"ఏవండి అన్నయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నట్టే ఉందమ్మా," అన్నాడు సత్తిబాబు, బల్ల మీద కూర్చుంటూ.

"మాణిక్యాంబగారు రాలేదేంటండి?"

"ఆవిడ పోయి ఏడాదిన్నర అయిందంట. ఇందాక రేషన్ కొట్టు దగ్గర చెప్పారు."

"అయ్యో రామా," అని అమ్మాజీ పొయ్యి మీంచి మూకుడు దించేసింది.

ఆ వారం ఊరంతా అదే వరస. మనుషులు బయటికొచ్చి ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, కనపడనివాళ్ళ గురించి అడిగి, రెండేళ్ళ చావు కబుర్లు ఒక్కసారే విన్నారు. విని ఇళ్ళకెళ్ళి స్నానాలు చేశారు. ఆ ఏడు రోజుల్లో కొత్తరేవు నీళ్ళ వాడకం మూడో వంతు పెరిగిందని, కారణం తెలియదని పంపు హౌసు పుస్తకంలో ఉంది. దేదీప్యకి కారణం తెలుసు. ఆ అంకె చదివి తన గది తలుపు వేసుకుని ఏడ్చింది.

తర్వాత కబుర్లు మారాయి. దెబ్బలాటలు మొదలయ్యాయి, పంపు దగ్గర వంతుల కోసం, బల్ల మీద చోటు కోసం. వైశాఖం వచ్చేసరికి సత్తిబాబు అడుగులు రోజుకి మూడు వేలు దాటాయి. మేస్త్రి ఆయన నెలల్ని పెంచుకుంటూ పోయింది. అరవై నెలలు దాటాక దేదీప్య చూడడం మానేసింది. సాయంత్రం ఇంటికొస్తే ఆయన ఉండడం లేదు. ఎక్కడికెళ్ళావని ఆమె అడగడం లేదు.

బతికినవాళ్ళెవరూ వచ్చి కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పరు. ఈ వేసవి చావాల్సింది తామేనని వాళ్ళకేం తెలుసు?

*

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు కార్తె మొదలైన అయిదో రోజున గాలి పూర్తిగా ఆగింది. తడి ఉక్క, పైన నిప్పులు. మేస్త్రి పూసలన్నిటికీ హెచ్చరికలు పంపింది. చాలామంది విన్నారు. రెండు రోజుల్లో ఏడుగురు పోయారు. కాగితం మీద ఆరు నుంచి తొమ్మిది అని రాసుకున్న మనిషికి ఏడు అన్నది ఆశ్చర్యం కాకూడదు. జాబితాలో మొదటి పేరు అమ్మాజీది.

ఆవిడ పదింటికే బండి కట్టేసింది. కూతురు నిద్రపోతోందని చెప్పకుండా గొడుగేసుకుని ఎటో వెళ్ళింది. పంపు దాటాక, మొన్న చైత్రందాకా గోడ ఉన్న చోట పడిపోయింది.

దేదీప్య వెళ్ళేసరికి వీధి నిండా జనం. ఎవరూ పిలవలేదు, అందరూ వచ్చారు. సత్తిబాబు తెల్లారినప్పట్నించీ అక్కడే ఉన్నాడు, షామియానా తాళ్ళు బిగిస్తున్నాడు, కుండ తెమ్మని ఒకణ్ణి, కుర్చీలు నీడకి జరపమని ఇంకొకణ్ణి కేకేస్తున్నాడు. కూతుర్ని చూశాడు గాని పలకరించలేదు. ఏ పని మీద వచ్చిందో ఆయనకి తెలుసు.

నాగమణి గడప మీద కూర్చుని ఉంది. దేదీప్య మెట్టు దిగువనే నించుని, తనెవరో చెప్పి, వచ్చిన సంగతి చెప్పింది. పంపు దగ్గర గోడ తన లెక్క వల్ల తీశారని చెప్పింది.

నాగమణి విన్నది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"గోడ ఉండుంటే మా అమ్మ బతికుండేదా అండి?"

నూట నలభై మంది అనే జవాబు ఒకటి ఉంది. అది నిజం కూడా. దాన్ని ఈ గుమ్మంలో అనడం దేదీప్య వల్ల కాలేదు.

"బతికుండేవారండి," అంది.

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు గొణుక్కున్నారు. ఒకామె "ఎంత గుండె ధైర్యం" అని పైకే అంది. నాగమణి వీధిలోకి చూసింది. అక్కడ సత్తిబాబు నిచ్చెన మీద మూడో మెట్టెక్కి, షామియానా గుంజకి ముడి వేస్తున్నాడు. కింద ఇద్దరు పట్టుకుంటామంటుంటే, నాకు తెలుసు పొండిరా అని కసురుతున్నాడు.

"నాన్నగారు బాగా తిరుగుతున్నారండి ఇప్పుడు," అంది నాగమణి. "చైత్రంలో చూసినప్పుడు మనిషి ఎలా ఉండేవారో. మా అమ్మ రోజూ అనేది, అన్నయ్యగారు కోలుకున్నారే అని."

ఎత్తిపొడుపేమో అని దేదీప్య ఆమె మొహంలోకి చూసింది. కాదు. ఉత్త మాటే. ఎత్తిపొడుపైనా బాగుండుననిపించింది.

"అవునండి," అంది.

"కూర్చోండి మరి, ఎండగా ఉంది," అని నాగమణి గడప మీద కాస్త పక్కకి జరిగింది.

దేదీప్య కూర్చుంది. కూర్చునే అర్హత తనకి ఉందో లేదో తెలియలేదు. కాసేపటికి లోపల్నించి ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. తాగింది. పాడె లేచేదాకా ఉండి, అందరితో పాటు వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఆగిపోయింది. చేతిలో కాగితం విప్పి రెండో పేరు చూసింది. ఇంకా ఆరు ఇళ్ళున్నాయి.